సూట్‌కేస్ ఖాళీ చెయ్యని పిల్లాడు: ఒక కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి నాకు చాలాకాలం పట్టింది. తీరిక లేక కాదు. ఇందులో నేను చేసిన తప్పులు రెండున్నాయి, రెండూ పిల్లలతో పనిచేసేవాళ్ళు చెయ్యకూడనివే, వాటిని కాగితం మీద పెట్టడానికి మనసు ఒప్పుకోలేదు. కుటుంబం చదివి, "రాయండి మేడమ్, ఎవరికైనా పనికొస్తుంది" అన్నాక ఇప్పుడు రాస్తున్నాను. ఊరు, ఉద్యోగాల వివరాలు, వయసులు కొద్దికొద్దిగా మార్చాను. దేశం పేరు మాత్రం మార్చలేదు, ఎందుకంటే అది మారిస్తే కేసులో సగం అర్థం కాదు. ఆ సంగతి వాళ్ళతో విడిగా మాట్లాడి, సరేనన్నాకే ఉంచాను.

నేను కోస్తాలో ఒక మాదిరి పట్టణంలో పిల్లలకి, కుటుంబాలకి కౌన్సెలింగ్ చేస్తాను. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి మార్కుల గొడవలు, ఫోన్ గొడవలు, హాస్టల్లో ఉండలేక పారిపోయి వచ్చిన పిల్లలు. అమెరికా నుంచో గల్ఫ్ నుంచో తిరిగొచ్చేసిన కుటుంబాలు అప్పుడప్పుడూ వస్తారు. ఆఫ్రికా నుంచి, అదీ డబ్బు కోసం కాకుండా సేవకని వెళ్ళి వచ్చినవాళ్ళు రావడం ఇదే మొదలు.

వెనకటి సంగతి

తండ్రి ఆసుపత్రి యంత్రాలు బాగుచేసే ఇంజినీరు. తల్లి నర్సు, కొన్నాళ్ళు నర్సింగ్ పాఠాలు కూడా చెప్పారు. 2020 చివర్లో ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున మలావీ వెళ్ళారు. ఆఫ్రికాకి ఆగ్నేయాన ఉన్న చిన్న దేశం అది, సముద్రం లేదు, కానీ తూర్పువైపు పొడుగునా సముద్రంలాంటి సరస్సు ఉంది. ఆ సరస్సుకి దగ్గర్లోనే ఒక చిన్న ఆసుపత్రిలో పని. జీతం అనడానికి లేదు, నెలనెలా భత్యం, ఆసుపత్రి ఆవరణలోనే ఇల్లు. వెళ్ళేటప్పటికి పాపకి తొమ్మిదేళ్ళు, బాబుకి నాలుగున్నర. రెండేళ్ళని వెళ్ళినవాళ్ళు మూడేళ్ళు దాటిపోయినా అక్కడే ఉన్నారు.

వాళ్ళున్న కాలం మామూలు కాలం కాదు. 2022లో మొదలైన కలరా దేశమంతా పాకింది, 50 వేలకి పైగా కేసులు, 1,700కి పైగా చావులు. ఆ నెలలన్నీ తల్లి కలరా వార్డులోనే ఉన్నారు. అది తగ్గుతోంది అనుకునేలోపు 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుఫాను దక్షిణ జిల్లాల మీద పడింది. ఆ మరుసటి ఏడు వానల్లేక మొక్కజొన్న నిలువునా ఎండిపోయింది. 2024 మార్చిలో అక్కడి ప్రభుత్వం 28 జిల్లాల్లో 23 జిల్లాలని విపత్తు ప్రాంతాలుగా ప్రకటించింది. సరిగ్గా ఆ రోజుల్లోనే వీళ్ళు ఇండియా వచ్చేశారు. కారణం కరువు కాదు, ఇక్కడ నాయనమ్మకి పక్షవాతం వచ్చింది. ఒక్కడే కొడుకు. ఫోన్ వచ్చిన 12 రోజులకి నలుగురూ విమానం ఎక్కారు.

ఈ 12 రోజుల సంగతి మొదటి సెషన్లోనే నాకు చెప్పారు. నేను రాసుకున్నాను కూడా. కానీ దాని గురించి ఒక్క ప్రశ్న అడగలేదు.

నా దగ్గరికి ఏమని వచ్చారు

ఆగస్టులో వచ్చారు. జూన్‌లో బాబుని మూడో తరగతిలో, పాపని ఎనిమిదిలో వేశారు. పాప గురించి ఫిర్యాదులేం లేవు. బాబు గురించి మాత్రం పెద్ద చిట్టానే ఉంది. స్కూల్లో నోరు విప్పడు. తెలుగు అక్షరాలు నేర్పితే అప్పటికి రాస్తాడు, మర్నాటికి ఏమీ గుర్తుండదు. ఎప్పుడు చూసినా నీరసంగా పడుకుంటాడు, కడుపు నొప్పంటాడు. స్కూల్లో బాత్రూమ్‌కి వెళ్ళడు, సాయంత్రం ఇంటికొచ్చేదాకా బిగబట్టుకుంటాడు. ఇంట్లో అక్కతో చిచేవాలో గుసగుసలాడతాడు, తక్కినవాళ్ళకి "ఊఁ", "ఊహూఁ" తప్ప జవాబు లేదు. చిచేవా అక్కడి భాష. నాలుగున్నరేళ్ళకి వెళ్ళినవాడు కాబట్టి వాడి ఆటలూ పోట్లాటలూ అన్నీ ఆ భాషలోనే.

ఒంట్లో ఏమైనా ఉందేమోనని అప్పటికే డాక్టరుకి చూపించారు. జులైలో జ్వరం వస్తే ఆఫ్రికా నుంచి వచ్చారు కదాని మలేరియా పరీక్ష చేశారు, లేదు. రక్తపరీక్షలో ఈసినోఫిల్స్ (ఎలర్జీకీ, ఒంట్లో పురుగులున్నా పెరిగే ఒక రకం తెల్లకణాలు) ఎక్కువగా ఉన్నాయి, రక్తం కొంచెం తక్కువుంది. "ఈస్నోఫీలియా, దుమ్ము పడట్లేదు" అని ఎలర్జీ మాత్రలు, పనిలోపనిగా నులిపురుగుల మందు, ఐరన్ టానిక్ రాశారు. మన ఇళ్ళల్లో ఈస్నోఫీలియా అనేది జలుబంత మామూలు మాట కదా, ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు. ఆ రిపోర్టు నా ఫైల్లో మూడు నెలలు ఉంది.

నేను ఒకసారి వాళ్ళింటికి వెళ్ళాను. పిల్లల కేసుల్లో ఒక్కసారైనా ఇల్లు చూడందే నాకు ఏదీ అర్థం కాదు. నాయనమ్మ మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నారు, కుడిచెయ్యి ఇంకా సరిగ్గా స్వాధీనంలోకి రాలేదు. మాట కొంచెం ముద్దగా వస్తోంది, కానీ మాటకేం తక్కువ లేదు. "అందరూ నల్లబడి వచ్చారమ్మా. వీడికేమో నేనంటే గిట్టదు. బట్టలు బీరువాలో సర్దిస్తే సాయంత్రానికల్లా మళ్ళీ ఆ సూట్‌కేసులోకే పోతాయి. నేనేమన్నా దొంగనా?" అన్నారు. నవ్వుకున్నాం. సూట్‌కేస్ సంగతి నోట్స్‌లో "అలవాటు" అని రాసుకుని వదిలేశాను.

బాబు నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఎడమచెయ్యి కుడి మోచేతికి ఆనించి, మోకాళ్ళు కొంచెం వంచి ఇచ్చాడు. అక్కడ పెద్దవాళ్ళకి ఏదైనా అందించే పద్ధతి అదట. వెనకాల సోఫాలో కూర్చున్న చుట్టాలబ్బాయి కిసుక్కున నవ్వాడు. బాబు గ్లాసు నా చేతిలో పెట్టేసి లోపలికి వెళ్ళిపోయాడు, మళ్ళీ బయటికి రాలేదు.

పెద్దవాళ్ళ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నా దృష్టి అంతా అటే పోయింది. తల్లి ఉద్యోగానికి వెళ్తే ఇంటర్వ్యూలో ఆ మూడేళ్ళనీ "గ్యాప్" అని లెక్కేశారట. కలరా వార్డు నడిపిన మనిషిని పట్టుకుని, ఇన్నాళ్ళు టచ్‌లో లేరు కదా అన్నారు. తండ్రి ఒక సర్వీస్ ఏజెన్సీలో చేరారు. అక్కడ ఒక పాత ఆక్సిజన్ కాన్సెంట్రేటర్ విప్పి ఇంకోదానికి భాగాలు వేసి నడిపించిన మనిషికి ఇక్కడ, బోర్డు పోతే బోర్డు మార్చు, బాగుచెయ్యకు అని చెప్తే చిరాకు. ఇక చుట్టాలు. విదేశాల నుంచి వచ్చారంటే డాలర్లు తెచ్చారనే లెక్క. ఒకాయన స్థలం కొనమని, ఇంకొకాయన చేబదులు ఇవ్వమని. లేవంటే, "మరి ఏం చూసుకుని వెళ్ళారు?" అని. ఈ ప్రశ్నకి ఆ దంపతుల దగ్గర జవాబుంది కానీ అది మన పెళ్ళిభోజనాల దగ్గర నిలబడి చెప్పగలిగే జవాబు కాదు.

నేనేమనుకున్నాను

పరాయి దేశంలో ఉండి తిరిగొచ్చిన కుటుంబాల మీద మా చదువులో ఒక మంచి అధ్యాయమే ఉంటుంది. 1955లో లిస్‌గార్డ్ అనే నార్వే పరిశోధకుడు పరాయి దేశం వెళ్ళినవాళ్ళ మనసు ముందు సంబరంతో మొదలై, కిందికి దిగి, మళ్ళీ పైకొస్తుందని చెప్పాడు. 1963లో గుల్లాహార్న్ దంపతులు దానికి ఇంకో మలుపు కలిపారు, ఇంటికి తిరిగొచ్చాక కూడా అదే పల్లం ఇంకోసారి వస్తుందని. తల్లిదండ్రుల ఉద్యోగాల వల్ల పరాయి సంస్కృతిలో పెరిగే పిల్లల్ని థర్డ్ కల్చర్ కిడ్స్ అంటారు. ఆ మాట పుట్టించిన రూత్ యూసీమ్‌కి ఆ ఆలోచన వచ్చింది 1950లలో మన దేశంలో ఉంటున్న అమెరికన్ కుటుంబాలని చూసే.

ఇదంతా నాకు నోటికొచ్చు. చిక్కంతా అక్కడే వచ్చింది. ఈ కుటుంబం గుమ్మంలోకి రాగానే, ఓహో ఇది ఆ పల్లం, ఇంకో ఆరు నెలల్లో పైకొస్తారు అని మనసులో అనేసుకున్నాను. వాడి మౌనం, నీరసం, కడుపునొప్పి, బాత్రూమ్ భయం అన్నీ చక్కగా ఆ బొమ్మలో ఇమిడిపోయాయి. అన్నీ అంత బాగా ఇమిడిపోతుంటే అనుమానం రావాలి. రాలేదు.

చేసినవి, చెడినవి

మొదటి రెండు నెలలు దినచర్య మీద పెట్టాను. నిద్ర టైము, భోజనం టైము, రోజూ అరగంట తెలుగు ట్యూషన్, వారానికోసారి పార్కు. తల్లిదండ్రులు మంచివాళ్ళు, చెప్పింది చెప్పినట్టు చేశారు. వాడు కూడా చెప్పింది చేశాడు. అదే కొంచెం ఇబ్బందిగా అనిపించేది నాకు, ఎదురు తిరగడు, ఏడవడు, బస్టాండులో బస్సు కోసం కూర్చున్నవాడిలా కూర్చుంటాడు. (ఈ పోలిక అప్పుడే నా నోట్స్‌లో రాసుకున్నాను. రాసుకుని కూడా అర్థం చేసుకోలేదు.)

తిండి దగ్గర తల్లి ఒక ప్రయత్నం చేశారు. అక్కడ రోజూ తినేది న్సిమా, మొక్కజొన్న పిండితో వండే గట్టి సంకటిలాంటిది. ఇక్కడ దొరికిన పిండితో చేసి పెట్టారు. వాడు చూసి ముట్టుకోలేదు. మనకి దొరికేది పచ్చ మొక్కజొన్న, అక్కడ తినేది తెల్లది, పచ్చది కరువులో సాయంగా వచ్చే పిండి అని అక్కడివాళ్ళకి చిన్నచూపు. "ఇది న్సిమా కాదు" అన్నాడట. ఆ రోజు వాడు ఇంట్లో మాట్లాడిన పూర్తి వాక్యం అదొక్కటే.

తర్వాత నేను చేసింది అసలైన తప్పు. అక్కడి ఫోటోలతో ఒక ఆల్బమ్ చేయించి, దసరా సెలవుల తర్వాత క్లాసులో చూపించి వాడితో నాలుగు మాటలు చెప్పించమని టీచరుకి సలహా ఇచ్చాను. తన అనుభవానికి విలువుందని వాడికి తెలుస్తుంది, తోటిపిల్లలకి కుతూహలం పెరుగుతుంది, ఇదీ నా తర్కం. పుస్తకాల్లో బాగానే ఉంటుంది. నేను ఆలోచించనిది ఏమిటంటే, స్కూల్లో నోరే విప్పని పిల్లాడిని 45 మంది ముందు నిలబెట్టడం, అదీ వాడికి అన్నిటికన్నా ప్రియమైనదాన్ని చేతిలో పెట్టి. టీచరు మంచి ఉద్దేశంతోనే "ఆఫ్రికా భాషలో ఏదైనా మాట్లాడు" అన్నారు. వాడు "ములి బ్వాంజి" అన్నాడు, బావున్నారా అని అర్థం. క్లాసంతా నవ్వింది. ఫోటోలో వాడి ప్రాణస్నేహితుణ్ణి చూసి ఎవడో ఏదో అన్నాడు, ఏమన్నాడో ఇక్కడ రాయను, రంగు గురించి మన పిల్లలు ఏమంటారో మనకి తెలుసు, ఎక్కడ నేర్చుకుంటారో కూడా తెలుసు. ఆ రోజు నుంచి వాడు హాజరు పిలిస్తే చెయ్యెత్తడం కూడా మానేశాడు.

తల్లి ఫోన్ చేసి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

మొదటి ప్రశ్న

ఏం చెయ్యాలో తోచక నాకన్నా సీనియర్ ఒకావిడకి ఫోన్ చేసి కేసంతా చెప్పాను. గంట సేపు నా థియరీ అంతా విని, ఆవిడ అడిగింది ఒకటే: "బాత్రూమ్‌కి ఎందుకు వెళ్ళడు? అడిగావా?"

అడగలేదు. భయం అని నేనే రాసేసుకున్నాను.

మర్నాటి సెషన్‌కి పాపని కూడా రమ్మన్నాను. వాడు అందరిలోకీ నమ్మేది అక్కనే, పైగా వాడికి మాటలు ఏ భాషలో వస్తే ఆ భాషలో చెప్పనివ్వాలి. పాప చిచేవాలో అడిగింది. వాడు చాలాసేపు నేల చూసి ఏదో చెప్పాడు. పాప నాకేసి చూసి, "ఆంటీ, వాడికి ఒంటికి పోస్తే ఎర్రగా వస్తుందట. స్కూల్లో ఒకబ్బాయి చూసి ఆఫ్రికా జబ్బు అని అరిచాడట. అందుకని వెళ్ళట్లేదు" అంది. ఎన్నాళ్ళ నుంచి అంటే, అక్కడున్నప్పటి నుంచే. మరి అమ్మకి ఎందుకు చెప్పలేదురా అంటే, అక్కడ వాడి స్నేహితుల్లో చాలామందికి అలాగే వచ్చేది, అది కూడా ఒక జబ్బని వాడికి తెలియదు. ఇక్కడ ఆ అబ్బాయి అరిచాకే తెలిసింది, తెలిసినప్పటి నుంచీ దాచుకోవడమే.

బయట కూర్చున్న తల్లిని పిలిచి చెప్పాను. ఆవిడ ముఖంలో నెత్తురు లేదు. "లికోడ్జో," అన్నారు. మలావీలో ఆ జబ్బుని అలా అంటారు, డాక్టర్లు బిల్హార్జియా అనో షిస్టోసోమియాసిస్ అనో అంటారు. ఆ సరస్సులో ఒక జాతి నత్తలుంటాయి. వాటిలోంచి బయటికొచ్చిన పురుగుపిల్లలు నీళ్ళలో ఈదేవాళ్ళ చర్మంలోంచి లోపలికి పోతాయి. పెద్దవై, పెట్టిన గుడ్లు మూత్రాశయం గోడల్లో చిక్కుకుని రక్తం కారుతుంది. ఏళ్ళ తరబడి వదిలేస్తే మూత్రాశయం క్యాన్సర్ దాకా వెళ్ళొచ్చు. నర్సు కదా, ఆవిడకి ఇదంతా నాకన్నా బాగా తెలుసు. మరెందుకు తట్టలేదంటే, అక్కడ స్కూళ్ళలో పిల్లలందరికీ దీనికి మాత్రలిస్తారు, వీడికీ వేశారు. అక్కడితో అయిపోయింది అనుకున్నారు. కానీ మాత్ర ఆ రోజుకి లోపలున్న పురుగుల్ని చంపుతుంది, మర్నాడు మళ్ళీ ఈతకెళ్తే అడ్డుకోదు. వీడు ఆఖరి వారం దాకా ఈదాడు.

మన డాక్టర్లని తప్పుపట్టడానికి లేదు. ఈ జబ్బు మన దగ్గర దాదాపు లేనే లేదు, చదువుకునేటప్పుడు పుస్తకంలో చూసి పరీక్ష రాసి మర్చిపోయే సంగతి. అందుకే ఈసారి తల్లి తనే డాక్టరు దగ్గరికి వెళ్ళి, సరస్సు, ఈత, ఎర్రటి మూత్రం, ఈసినోఫిల్స్ అన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టారు. మూత్రం మిట్టమధ్యాహ్నం వేళ తీసుకోమని కూడా చెప్పారు, గుడ్లు ఎక్కువగా పడేది అప్పుడే. మైక్రోస్కోపు కింద కనిపించాయి. నలుగురికీ పరీక్ష చేస్తే తండ్రికి కూడా ఉంది. మందు ప్రాజిక్వాంటెల్, బరువుని బట్టి లెక్కేసి ఒక్కరోజులో ఇచ్చేశారు. అంతే. మూడు నెలలు నేను పట్టుకుని వేలాడిన నీరసానికి ఒక్కరోజు మందు.

స్కూలుకి నేనే వెళ్ళాను. అప్పటికే ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు అంటుకుంటుందేమోనని అడిగారట. ఒకరి నుంచి ఒకరికి నేరుగా అంటదు, మధ్యలో ఆ జాతి నత్త ఉండాలి, ఇక్కడ లేదు, పైగా మందు కూడా అయిపోయింది అని చెప్పాను. కొన్నాళ్ళు స్టాఫ్ బాత్రూమ్ వాడుకోనిచ్చారు. ఆ అరిచిన పిల్లాణ్ణి అందరి ముందూ తిట్టొద్దని కూడా అడిగాను, అది మళ్ళీ వీడి నెత్తికే చుట్టుకుంటుంది.

రెండో ప్రశ్న

నాలుగైదు వారాల్లో మొహం తేటపడింది, అన్నం తిన్నాడు, మేడ మీద పరుగులు పెట్టాడు. మాట మాత్రం రాలేదు. అక్షరాలు రాలేదు. సూట్‌కేస్ మంచం కిందే.

ఒకసారి దెబ్బతిన్నాను కదా, ఈసారి థియరీ పక్కన పెట్టి నేరుగా అడిగాను. "బట్టలు బీరువాలో ఎందుకు పెట్టుకోవు?"

నన్ను వింతగా చూశాడు, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు. "సెలవులు అయిపోతే మళ్ళీ సర్దుకోవాలి కదా."

12 రోజుల్లో ఏం జరిగిందో అప్పుడు, డిసెంబరులో, మొదటిసారి పూర్తిగా విన్నాను. బయల్దేరే హడావిడిలో, పిల్లలు ఏడుస్తారని, తండ్రి "సెలవులకి వెళ్తున్నాం, నాయనమ్మకి తగ్గగానే వచ్చేద్దాం" అన్నారు. ఇల్లు తాళం వేసి, సామాను అక్కడే వదిలి, సూట్‌కేసులతో వచ్చేశారు. బాబు తన సైకిల్‌ని స్టోర్ రూములో పెట్టించి, ఆసుపత్రి వాచ్‌మన్ కొడుకుతో, అదే ఆ ఫోటోలోని స్నేహితుడితో, "నేను వచ్చేదాకా ముట్టుకోకు" అని చెప్పి వచ్చాడు. పాపకి నెల తిరగకుండానే అర్థమైంది తిరిగి వెళ్ళమని. తమ్ముడికి చెప్పొద్దని నాన్న అడిగారట. తొమ్మిది నెలలు ఆ పదమూడేళ్ళ పిల్ల ఆ మాట మోసుకుంటూ తిరిగింది.

తెలుగు అక్షరాలు వాడికి ఎందుకెక్కట్లేదో ఇప్పుడు తెలిసింది కదా. రెండు నెలల సెలవులకి చుట్టాలింటికి వెళ్ళినవాడు అక్కడి స్కూల్లో పాఠాలు ఎందుకు నేర్చుకుంటాడు? స్నేహితులని ఎందుకు చేసుకుంటాడు? వాడు ఎదురుచూస్తున్నాడు, నేను దానికి సర్దుకోలేకపోవడం అని పేరు పెట్టి వైద్యం చేస్తున్నాను.

ఇక్కడ తండ్రితో రెండు సెషన్లు పట్టింది. నిజం చెప్పాలంటే ఆయనకి కోపం వచ్చింది. "నేనేం అబద్ధం చెప్పలేదు మేడమ్, వెళ్దామనే అనుకున్నాను" అన్నారు. అది నిజమే. అక్కడి సిమ్ కార్డు ఇంకా పర్సులోనే ఉంది. సంస్థకి మెయిల్స్ పెడుతూనే ఉన్నారు. అమ్మ పరిస్థితి చూస్తే వెళ్ళలేరని ఆయనకీ తెలుసు. కొడుక్కి చెప్పాలంటే ముందు తను ఒప్పుకోవాలి, ఆ పని వాయిదా వేస్తూ వచ్చారు. నేను తొందరపెట్టలేదు. ఇంకా తేల్చుకోని మనిషి చెప్పే నిజం పిల్లలకి ఇంకో అబద్ధంలాగే వినిపిస్తుంది. సంక్రాంతి దాటాక ఆయనే ఫోన్ చేసి, చెప్తాను అన్నారు.

ఎలా చెప్పాలో ముందే అనుకున్నాం. మెత్తగా చుట్టి చెప్పొద్దు, "చూద్దాం", "ఎప్పుడైనా" అనే మాటలు వద్దు. తప్పు ఎవరిదో కూడా చెప్పాలి. అక్క పక్కనే ఉండాలి, ఎందుకంటే అక్కకి కూడా ఆ బరువు దించుకునే హక్కుంది. ఆయన నేల మీద, వాడి ఎదురుగా కూర్చుని, "మనం ఇంక అక్కడ ఉండటానికి వెళ్ళం. నీకు అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పు నాదే" అన్నారు. తెలుగులో ఒకసారి, తనకొచ్చిన చిచేవాలో ఇంకోసారి.

వాడు ఏడవలేదు. "మరి నా సైకిల్?" అన్నాడు.

తర్వాత రెండు వారాలు ఘోరంగా గడిచాయి. నాన్నతో మాటల్లేవు, కంచం విసిరేశాడు, స్కూలుకి వెళ్ళనన్నాడు. ఇది వస్తుందని తల్లిదండ్రులకి ముందే చెప్పాను, చెప్పి ఉండకపోతే భయపడి మళ్ళీ, వేసవిలో వెళ్దాంలే అనేసేవాళ్ళు. తొమ్మిది నెలలుగా కదలని పిల్లాడు కోప్పడుతున్నాడంటే నాకు లోపల సంతోషంగానే ఉంది. బయటికి అనలేదు.

సైకిల్, గుంటలు

సైకిల్ ఆ స్నేహితుడికి ఇచ్చెయ్యమని ఆసుపత్రికి ఒక మెసేజ్ పెడితే అయిపోతుంది కదా అన్నారు తండ్రి. వద్దన్నాను. ఇప్పటికే వాడి జీవితంలో పెద్ద నిర్ణయాలన్నీ వాడికి తెలియకుండా జరిగాయి. ఈ ఒక్కటైనా వాడి చేతుల మీదుగా జరగాలి, వద్దంటే వద్దు, ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళు. తొమ్మిది రోజులు పట్టింది. ఒక రాత్రి అమ్మ ఫోన్ అడిగి, వాచ్‌మన్ నంబరుకి వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఏం చెప్పాడో నాకు పాప చెప్పింది: సైకిల్ నువ్వు తీసుకో, చైన్ ఊడిపోతుంది, ఎడమవైపు నుంచి ఎక్కించు, నేను రావట్లేదు. మర్నాడు జవాబొచ్చింది. ఆ పిల్లాడు ఇన్నాళ్ళూ సైకిల్ ముట్టుకోలేదట, రోజూ స్టోర్ రూమ్ కిటికీలోంచి చూసి వెళ్ళేవాడట. ఇద్దరూ ఫోన్లో చాలాసేపు ఏడ్చారు. అక్కడ ఇంటర్నెట్ ఖరీదు, అందుకని ఇప్పుడు తండ్రి నెలకోసారి వాళ్ళ ఫోన్‌కి రీచార్జ్ చేయిస్తున్నారు.

మాట ఎలా వచ్చిందంటే, ఆ గొప్ప నాది కాదు. ఫిజియోథెరపీకి వచ్చే అమ్మాయి నాయనమ్మని, చెయ్యి కదలాలంటే చిన్నచిన్న వస్తువులు వేళ్ళతో ఏరుతూ ఉండమంది. ఆవిడ అటక మీదున్న వామనగుంటల పీట దించమన్నారు, చింతగింజలు తెప్పించారు. వాడు దూరం నుంచి చూసి, దగ్గరికొచ్చి, గుంటలు లెక్కపెట్టి, "రెండు వరసలేనా?" అన్నాడు. అక్కడ వాడు ఆడే బావో కూడా ఇలాంటి ఆటే, గుంటల్లో గింజలు పంచుకుంటూ పోవడమే, కాకపోతే నాలుగు వరసలు, వరసకి ఎనిమిది. మన పీటకి వరసకి ఏడు. మేడ మీద సుద్దముక్కతో నాలుగు వరసలు గీసి నాయనమ్మని కుర్చీలో మేడెక్కించమని నాన్నని అడిగాడు. రెండు వారాల తర్వాత నాన్నతో మాట్లాడిన మొదటి మాట అది. ఆటలో నాయనమ్మ దొంగాట ఆడతారని వాడు, వాడే ఆడతాడని ఆవిడ. దెబ్బలాడుకోవాలంటే భాష కావాలి కదా, వాడికి తెలుగు అలా వచ్చింది, కొంచెం ముద్దముద్దగా, నాయనమ్మ యాసలో. అక్షరాలు వేసవిలో వచ్చాయి. సూట్‌కేస్ ఎప్పుడు ఖాళీ అయిందో ఎవరికీ గుర్తులేదు, ఒకరోజు చూస్తే అటక మీద ఉంది, వామనగుంటల పీట దించిన చోట.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ప్రతి పిల్లాడి ఫారంలో మొదటి ప్రశ్నలు ఒంటి గురించే. తిండి, నిద్ర, ఒంటికి, రెంటికి, రంగుతో సహా. ఎక్కడి నుంచి వచ్చారు, అక్కడ ఏ నీళ్ళలో ఈదారు. ఊరు మారి వచ్చిన పిల్లలైతే, వాళ్ళనే విడిగా కూర్చోబెట్టి అడుగుతాను, "ఇక్కడ ఎన్నాళ్ళు ఉంటామని చెప్పారు నీకు?" పెద్దవాళ్ళు చెప్పే జవాబుకీ పిల్లలు చెప్పే జవాబుకీ తేడా వచ్చిన కేసులు ఈ ఏడాదిలోనే ఇంకో రెండు చూశాను, ఒకటి బెంగళూరు, ఒకటి పక్క మండలమే. ఆఫ్రికా దాకా వెళ్ళక్కర్లేదు. క్లాసు ముందు నిలబెట్టి చెప్పించడం మాత్రం పూర్తిగా మానేశాను. ఎవరైనా టీచరు ఉత్సాహపడినా వద్దంటాను.

తల్లి కేసు ఇంకా మూయలేదు. ఆవిడకి ఇప్పుడు ఉద్యోగం ఉంది, మంచిదే. ఆ మార్చిలో అక్కడ ఆవిడ కోర్సు సగంలో వదిలేసి వచ్చిన నర్సింగ్ విద్యార్థులు ఎనిమిది మంది ఉన్నారు. వాళ్ళకి ఆవిడ కూడా "త్వరలో వస్తాను" అనే చెప్పి వచ్చారట. ఈ సంగతి ఆవిడ నాకు మొన్ననే చెప్పారు, కొడుకు సైకిల్ ఇచ్చేసిన ఏడాదికి. వచ్చే గురువారం మళ్ళీ వస్తున్నారు. ఎనిమిది మందిలో ఐదుగురి నంబర్లు దొరికాయట.